ఎవరి వేలి నెత్తురు

లాపో చేటలో బియ్యం చెరుగుతోంది. ఊక గాలికి లేచి, నిచ్చెన కింద కాచుకున్న కోళ్ళ వీపుల మీద రాలుతోంది. రోజూ పొద్దున చేసే పనే, కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలదు. కానీ ఈ పొద్దున చేట పైకి లేచినప్పుడల్లా ఆమె చెయ్యి ఎందుకో ఆగిపోతోంది. బియ్యం పక్కకి ఒలికి వెదురు నేల సందుల్లోంచి కిందికి జారిపోతున్నాయి.

"కోళ్ళకి పెళ్ళి విందా ఏంటే?" అంది పొయ్యి దగ్గర్నుంచి వాళ్ళమ్మ. "రాత్రి తిండి లేదు, నిద్ర లేదు. ఎవడైనా కంట్లో పడ్డాడా, చెప్పెయ్."

"కోథూ కళ్ళు పచ్చగా ఉన్నాయమ్మా."

వాళ్ళమ్మ చేతిలో గరిటె ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"మంట వెలుతురులో అందరి కళ్ళూ పచ్చగానే ఉంటాయి" అంది.

నిన్న సాయంత్రం లాపో కూడా తనకు తాను ఆ మాటే చెప్పుకుని ఇంటికొచ్చింది.

వానలు పట్టుకున్నాక ఊళ్ళో పద్నాలుగు మంది పిల్లలు జ్వరంతో పడకేశారు. వేలు పొడిచి, నెత్తురు చుక్క తీసి, అది మలేరియానే అని తేల్చింది లాపో. ఊరి మందుల పాక చూసుకునేది ఆమే. ఇరవై రెండేళ్ళది. నది దాటి కింది క్లినిక్‌లో రెండు నెలలు ఉండి పని నేర్చుకొచ్చింది. ఈ రకం మలేరియా తగ్గినట్టే తగ్గి కాలేయంలో దాక్కుంటుంది, నెల తిరక్కుండా మళ్ళీ లేస్తుంది. దాన్ని పూర్తిగా వదిలించాలంటే పద్నాలుగు రోజులు మాత్ర మింగాలి. అయితే కొంతమంది నెత్తుట్లో పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది. వాళ్ళ పాలిట ఆ మాత్రే విషం. రక్తకణాలు ఒంట్లోనే పగిలిపోతాయి. అందుకని మాత్ర మొదలుపెట్టే ముందు మళ్ళీ ఒకసారి వేలు పొడిచి, అరచేతిలో పట్టే చిన్న యంత్రంతో ఆ ఎంజైము ఎంతుందో కొలవాలి.

ఆ కొలిచే రోజున లాపో ఊళ్ళో లేదు. ఎగువన ఒక కాన్పు అడ్డం తిరిగితే మంత్రసానికి సాయంగా పరిగెత్తింది. కింది క్లినిక్ నుంచి వచ్చిన కొత్త నర్సు పిల్లల్ని వరసగా కూచోబెట్టి, పేరు పిలిచి, వేలు పొడిచి, అంకెలు చీటీల మీద రాసిపెట్టి, యంత్రం సర్దుకుని అదే పడవలో వెళ్ళిపోయింది. ఇద్దరికి అంకె తక్కువొచ్చింది. వాళ్ళకి రోజూ మాత్ర లేదు. మిగతా పన్నెండు మందికీ సాయంత్రం పూట ఇల్లిల్లూ తిరిగి లాపోయే తన చేత్తో వేస్తోంది. మూడు సాయంత్రాలైంది.

మూడో సాయంత్రమే కోథూ కళ్ళు చూసింది. చూసి కూడా మాత్ర వేసింది.

లాపో చేట గోడకి ఆనించి లేచింది. చీటీలున్న ప్లాస్టిక్ సంచీ మెడలో వేసుకుంది.

"గంజి తాగి వెళ్ళవే" అంది వాళ్ళమ్మ.

అప్పటికే ఆమె నిచ్చెన దిగిపోయింది.

* * *

కోథూ వాళ్ళ అమ్మమ్మ ముయే అవ్వ ఇంటికి దారి రేవు పక్కనుంచే. వాన సన్నగా, వదలకుండా పడుతోంది. రేవులో పడవవాడు క్లేడో డబ్బాతో పడవలోంచి నీళ్ళు తోడుతున్నాడు. నది నిన్నటికీ ఇవాళ్టికీ రెండు మెట్లు మింగేసింది. మధ్యలో వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఒక చెట్టు గిరగిరా తిరుగుతూ పోతోంది.

"మామా, ఇవాళ అవతలికి వెళ్ళగలమా?" అని అడిగింది లాపో.

"వెళ్ళడానికేం, ఎక్కడ తేలతామన్నదే తెలీదు. నాకు ఈత రాదు కదా, అందుకే పడవ కొనుక్కున్నా" అన్నాడు క్లేడో. ఆమె నవ్వకపోయేసరికి డబ్బా కింద పెట్టాడు. "ఎవరికే?"

"ఇంకా తెలీదు. కాస్త ఉండు మామా, ఎక్కడికీ వెళ్ళకు."

"వెళ్తే ఒక్కసారే వెళ్ళగలను, చూసుకో. మధ్యాహ్నం దాటిందంటే నన్ను పిలవొద్దు. రెండోసారి దేవుడే వచ్చి ఎక్కుతానన్నా నేను తియ్యను."

లాపో తల ఊపి ఏటవాలు ఎక్కింది. కాళ్ళు బురదలో జారుతున్నాయి. మంట వెలుతురే అయుంటుంది, మంట వెలుతురే, అనుకుంటూ నడిచింది. అడుగుకో మాట పడుతోంది గానీ గుండె ఆ మాట వినడం లేదు.

ఇంట్లో ముయే అవ్వ పొయ్యి పక్కన కూచుని చిన్న రోట్లో వక్కలు దంచుతోంది. పళ్ళు ఊడిపోయి పదేళ్ళయినా వక్క మానలేదు. కూతురు ఎక్లూ ఒళ్ళో కోథూని పడుకోబెట్టుకుని గంజి తాగించాలని చూస్తోంది. ఆరేళ్ళ కోథూ మొహం అటు తిప్పేసుకుంటున్నాడు. వాడి తండ్రి అవతలి ఒడ్డున మొక్కజొన్న చేలల్లో కలుపు పనికి వెళ్ళి నెలయింది. ఎక్లూ తమ్ముడి కొడుకు థాబ్లే ఒక మూల కూచుని, ఆ వదిలేసిన గంజి తనకెప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. వాడికి ఇల్లు వాగు అవతల ఉన్నా తిండి వేళకి ఎప్పుడూ ఇక్కడే.

"వచ్చిందండీ తెల్లచొక్కా డాక్టరమ్మ" అంది ముయే అవ్వ. పెళ్ళికాని పిల్లలు తొడుక్కునే పొడుగాటి తెల్లచొక్కా లాపో ఒంటి మీద తడిసి బురదకొట్టుకుని ఉంది. "సాయంత్రం రావలసినదానివి పొద్దున్నే వచ్చావు. ఇప్పుడు రెండు పూటలా మింగాలా మాత్రలు?"

"లేదవ్వా. వాణ్ణి ఒకసారి వెలుగులో చూస్తాను. అక్కా, గుమ్మం దగ్గరికి తీసుకురా."

ఎక్లూ తెచ్చింది. లాపో వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

ఇక్కడ మంట లేదు, వాన పొద్దు తెల్లటి వెలుగే. వాడి కళ్ళు పసుపు కలిపిన నీళ్ళలా ఉన్నాయి. కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎర్రదనం లేదు. అరచెయ్యి తెరిచి తన అరచేతి పక్కన పెట్టుకుంది. వాడి చెయ్యి పాలిపోయి మైనంలా ఉంది. మెడ పక్కన నరం పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

"అక్కా, మొదటి రోజు నీకొక తెల్లకప్పు ఇచ్చాను కదా. వాడు ఉచ్చపోసినప్పుడు అందులో పట్టి రంగు చూడమన్నాను."

ఎక్లూ తలొంచుకుంది. కప్పు పొయ్యి పైన అటక మీద ఉంది. దాన్నిండా ఎండుమిరపకాయలు.

ఆ రోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా నవ్విన సంగతి లాపోకి గుర్తుంది. మా వాడి ఉచ్చ రంగు చూసి పెళ్ళి కుదురుస్తావా, అని ఒకామె అడిగింది. ఈ ఇళ్ళలో పిల్లలు వెదురు నేల సందులోంచి కిందికి పోసేస్తారు. కింద పందులు తిరిగే బురద. ఏ రంగు పోశారో పందులకి కూడా తెలియదు.

లాపో మిరపకాయలు చాపమీద గుమ్మరించి, కప్పు వాననీళ్ళతో రెండుసార్లు కడిగింది.

"రా నాన్నా. కొంచెం ఉచ్చపొయ్యి. ఒక్క చుక్కైనా చాలు."

కోథూ నిలబడలేకపోయాడు. తల్లి చంకల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకుంది. చాలాసేపటికి కొంచెం వచ్చింది.

తెల్లకప్పులో చిక్కటి టీ డికాషన్ పోసినట్టుంది. అంచున మాత్రం ఎర్రగా ఉంది.

"పొగ పట్టిన కప్పు కదా" అంది ఎక్లూ మెల్లిగా. "మిరపకాయల రంగేమో."

లాపో సంచీలోంచి చీటీల కట్ట తీసింది. వేళ్ళు తడిగా ఉండి చీటీలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. కోథూ, ఆరేళ్ళు. అంకె ఏడు దాటింది. ఆరు దాటితే భయం లేదని క్లినిక్‌లో నేర్పారు. ఏడంటే ఇంకా మంచిది. ఈ పిల్లాడి నెత్తురు ఆ మాత్రకి పగలకూడదు.

మరి పగులుతోంది కదా.

యంత్రం తప్పు చూపించిందా? నర్సు ఒకరి అంకె ఒకరికి రాసిందా? లేక జ్వరమే ముదిరి ఇలా అవుతోందా? అలాగైతే ఇవాళ మాత్ర ఆపడం తప్పా, వెయ్యడం తప్పా? అడగడానికి మనుషులు లేరు. కొండ మీద రాయి ఎక్కితే ఫోను పలుకుతుంది గానీ ఈ వానల్లో అదీ పలకదు. రెండు నెలల చదువు ఎంత చిన్నదో లాపోకి మొదటిసారి తెలిసొచ్చింది.

మూలనుంచి థాబ్లే ముందుకు జరిగాడు. "అత్తా, ఆ గంజి నేను తాగనా?" అంటూ గిన్నెకి చెయ్యి చాపాడు.

చాపిన ఎడమ చేతి మధ్యవేలికి ఒక ఆకుపచ్చ ప్లాస్టరు ఉంది. మట్టిపట్టి, అంచులు లేచిపోయి, అయినా వేలిని వదలకుండా.

నర్సు ఆ రోజు పిల్లలందరి వేళ్ళకీ అలాంటివే చుట్టింది. మూడు రోజులుగా లాపో ఏ ఇంటికి వెళ్ళినా పిల్లలు మాత్రకంటే ముందు ఆ ప్లాస్టరు చూపిస్తున్నారు. కోథూ వేలికి లేదు. ఊడిపోయిందేమో అనుకుంది గానీ అడగలేదు.

"థాబ్లే, నీ వేలికేంటిరా అది?"

"సూది" అన్నాడు వాడు గొప్పగా. "నేనేం ఏడవలేదు."

"నీకు జ్వరం వచ్చిందా?"

"నాకెందుకొస్తుంది? నేను రోజూ వాగులో ఈదుతాను." గిన్నె ఒళ్ళోకి లాక్కున్నాడు. "అత్త చేనుకెళ్ళింది. ఆ నర్సు కోథూ అని పిలిస్తే నన్ను పలకమంది అవ్వ. పలికా. బిస్కెట్ ఇచ్చారు. వీడికి సగం తెచ్చిచ్చా కూడా. అడుగు."

రోట్లో దంపుడు చప్పుడు ఆగిపోయింది.

ఎక్లూ కొడుకుని గుండెకి అదుముకుని తల్లివైపు తిరిగింది. "అమ్మా?"

ముయే అవ్వ రోకలి తుడిచి పక్కన పెట్టింది. దంచిన వక్క చేతిలోకి తీసుకుంది, నోట్లో వేసుకోలేదు.

"పంపాను" అంది. "అయితే ఏంటి? వాడికి జబ్బు లేదు, ప్రాణం ఒంట్లోనే ఉంది. వాడి వేలు మాత్రం వేలు కాదా?"

"అవ్వా" అంది లాపో. "థాబ్లే నెత్తురు చూసి కోథూకి మాత్ర వేశాను నేను. మూడు రోజులు. నా చేత్తో."

"అరవకు. ముందు రోజు సాయంత్రమే వాడికి దారాలు కట్టాం. నువ్వు పొడిచిన సూదికి జడుసుకుని పిల్లాడి ప్రాణం ఎటో పోతే, నిచ్చెన కర్రతో కొట్టి పిలిచి, అన్నం ముద్ద చూపించి ఇంట్లోకి తెచ్చి, మణికట్టుకి ముడేశాం. ఏడు రోజులు నెత్తురు చుక్క బయటికి పోకూడదు. నీళ్ళు దాటకూడదు. తెల్లారేసరికి ఇంకొకత్తె ఇంకో సూది పట్టుకుని దిగింది. ఏం చెయ్యమంటావ్? వేసిన ముడి నేనే విప్పి దానికిచ్చి పంపనా?"

కోథూ రెండు మణికట్లకీ తెల్లదారాలున్నాయి. సన్నబడిన చేతుల మీద అవి వదులైపోయి కిందికి జారుతున్నాయి.

"ఒక్క మాట నాతో చెప్పుంటే..."

"నీతోనా? పిల్లల్ని కన్నావా, పెంచావా? రెండు నెలలు అన్నం తిని వచ్చి ఊరందరికీ ఉచ్చ పట్టడం నేర్పుతున్నావు. నేను ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నానే పిల్లా. సూది సంగతి నాకు చెప్పకు."

ఎక్లూ ఉలిక్కిపడింది. "అన్నయ్యలా? వాళ్ళు జ్వరంతో పోయారన్నావు కదమ్మా."

ముయే అవ్వ కూతురి వైపు చూడలేదు, పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

"పై ఊళ్ళో ఉన్నప్పుడు. ఊరు కాలిపోకముందు. నీకు నడక రాలేదింకా. మందులవాళ్ళు పెట్టెలు మోసుకుని వచ్చారు. పెద్దాడికీ రెండోవాడికీ ఒకే రోజు జ్వరం. వేళ్ళు పొడిచారు. ఆ నెత్తురు గాజు ముక్కల మీద రాసుకుని, పెట్టెలో పెట్టుకుని నది దాటించుకుపోయారు. ప్రాణం నెత్తురు వెంటే పోతుంది. మా వాళ్ళ ప్రాణాలు కూడా ఆ పెట్టె వెంటే పోయాయి. ఐదో రోజుకి పెద్దాడు. ఆరో రోజుకి రెండోవాడు. మూడోవాడు, ఈ థాబ్లే వాళ్ళ నాన్న, ఇంకా పుట్టలేదు కాబట్టి దక్కాడు. పుట్టాక వాణ్ణి ఏ సూదికీ చూపించలేదు."

లాపో వీపు మీద తడిసిన చొక్కా చల్లబడింది. అడగాలంటే భయం వేసింది. అడిగింది.

"అవ్వా, ఆ మందులవాళ్ళు వెళ్ళేటప్పుడు మాత్రలేమైనా ఇచ్చారా?"

"ఇచ్చారు."

"వేశావా?"

"వెయ్యమంటే వెయ్యనా? రోజూ వేశాను. ఒక్క పూట మానలేదు."

"వాళ్ళు పోయేముందు..." అంది లాపో. "ఉచ్చ ఏ రంగులో పోశారు అవ్వా?"

ముయే అవ్వ నోరు తెరిచింది. ఆమె చూపు పొయ్యి మీద నుంచి జరిగి, నేల మీదికి వచ్చి, చాప పక్కనున్న తెల్లకప్పు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కదల్లేదు. చేతిలో వక్క నలిగి వేళ్ళ సందుల్లోంచి రాలింది.



ఎక్లూ అడిగింది, చాలా మెల్లిగా. "అంటే అన్నయ్యల్లో ఉన్నదే వీడిలోనూ ఉందా? ఎలా వచ్చింది లాపో? వీళ్ళ నాన్న వాళ్ళలో ఎవరికీ ఇలా లేదే."

లాపో ఈ పాఠం క్లినిక్‌లో బొమ్మలు గీసుకుని నేర్చుకుంది. ఆ బొమ్మలు ఇప్పుడు ఒక తల్లి మొహం పెట్టుకుని ఎదురుగా కూచున్నాయి.

"నాన్న నుంచి కాదక్కా. కడుపులోంచి వస్తుంది. ఆడవాళ్ళలో ఊరికే దాక్కుని ఉంటుంది, వాళ్ళకేమీ కాదు చాలామందికి. మగపిల్లల్లో బయటపడుతుంది. అందరిలోనూ కాదు. ఎవరి తప్పూ కాదు."

"అమ్మ నుంచి నాకు. నా నుంచి వీడికి."

"ఎవరి తప్పూ కాదక్కా."

ఎక్లూ కొడుకు నుదుటి మీద చెంప ఆనించింది. కోథూ కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. ఊపిరి పొట్టిగా, తొందర తొందరగా తీస్తున్నాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"మాత్ర ఆపేశాం. నీళ్ళు తాగిస్తూ ఉండాలి. కానీ ఆపితే సరిపోదు. ఇప్పటికే చాలా నెత్తురు పోయింది వాడి ఒంట్లో. కింది క్లినిక్‌లో ఎక్కించాలి. క్లేడో మామ ఇవాళ ఒక్కసారే తీస్తానన్నాడు, మధ్యాహ్నం లోపు."

"దాటడానికి లేదు" అంది ముయే అవ్వ. మాటలో ఇంతకుముందు బలం లేదు, అయినా అంది. "దారాలు కట్టి నాలుగు రోజులే. నీళ్ళు దాటితే ప్రాణం ఈ ఒడ్డునే ఉండిపోతుంది. ఒట్టి ఒళ్ళు తీసుకుపోతారు మీరు."

ఎక్లూ లేచింది. గోడకున్న నేత దుప్పటి లాగి, కొడుకుని వీపుకి కట్టుకోవడం మొదలుపెట్టింది. ముడి ఒకసారి జారింది. లాపో పట్టుకుంది.

"ఎక్లూ. నా మాట విను. నేను చూశాను, నువ్వు చూడలేదు."

"నువ్వు నీ కొడుకులిద్దర్నీ నది దాటించలేదు కదమ్మా" అంది ఎక్లూ. కోపంగా అనలేదు. "ఇంట్లోనే ఉంచావు."

ముయే అవ్వ గుమ్మం వైపు దారికి అడ్డంగా చాపిన కాళ్ళు వెనక్కి తీసుకుంది.

లాపో థాబ్లేని రేవుకి పరిగెత్తమంది. పడవ సిద్ధం చెయ్యమని, పిల్లాడికి ప్రాణం మీదికొచ్చిందని చెప్పమంది. వాడు గంజి గిన్నె వదల్లేక వదిలి దూకాడు. లాపో చీటీలు సర్దుతుంటే వెనకనుంచి ముసలామె గొంతు వినపడింది.

"వీడొక్కడే అనుకుంటున్నావా?"

లాపో తిరిగింది.

"ఏంటవ్వా?"

"ఆ సాయంత్రం దారాలు ఒక్క మా ఇంట్లోనే కట్టలేదు. కోసింది ఒకే కోడి, ముళ్ళు వేసింది ఒకే పెద్దాయన. నాలుగు ఇళ్ళు." ముసలామె వేళ్ళకంటిన వక్క పొడి లుంగీ అంచుకి తుడుచుకుంటోంది, తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ. "తెల్లారి నర్సొచ్చిందని తెలిసి ఆడవాళ్ళు నా దగ్గరికే వచ్చారు, ఏం చెయ్యాలి అవ్వా అని. వేరే పిల్లల్ని పంపమని నేనే చెప్పాను."

చేతిలోని చీటీల్లో ఇంకా పదకొండు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక మంచి అంకె. ఆ పదకొండు నోళ్ళలోనూ నిన్న సాయంత్రం దాకా తనే మాత్ర వేసింది. వాటిలో మూడు ఇళ్ళ అంకెలు వేరే పిల్లలవి, అవి ఏ మూడో తనకి తెలియదు. ఊళ్ళో ప్రతి పిల్లాడి చేతికీ ఏవో దారాలుంటాయి, కొత్తవీ పాతవీ కలిసి. ప్లాస్టర్లు సగం మందికి ఊడిపోయాయి. ఇవాళ్టి నుంచి అందరికీ మాత్ర ఆపెయ్యొచ్చు. లోపలికి పోయిన మూడు మాత్రల్ని ఎవరు ఆపుతారు? ఈ నిమిషంలో ఏ ఇంట్లో ఏ పిల్లాడు వెదురు సందులోంచి పందుల బురదలోకి నల్లగా పోస్తున్నాడో. పదకొండు ఇళ్ళూ కొండ మొత్తం చెదిరి ఉన్నాయి. తిరిగొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. పడవ ఒక్కసారే వెళ్తుంది.

"ఎవరెవరు అవ్వా?"

ముయే అవ్వ వేళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"పేర్లు చెప్పు చాలు. మూడు పేర్లు. వాళ్ళని కూడా ఈ పడవలోనే ఎక్కించాలి. ఎవరినీ ఏమీ అనను, ఎవరికీ చెప్పను. అవ్వా."

రేవు నుంచి క్లేడో కేక వినిపించింది. నీళ్ళ హోరులో మాట తెలియలేదు, తొందర మాత్రం తెలిసింది. ఎక్లూ నిచ్చెన దగ్గర నిలబడి ఉంది. ఆమె వీపు మీద కోథూ తల ఒక పక్కకి వాలిపోయింది.

"లాపో, నువ్వు వస్తున్నావా, లేదా?"

పడవలో తను లేకపోతే దారిలో పిల్లాడికి ఏమైనా అయితే చూసేవాళ్ళు లేరు. ఊళ్ళో తను లేకపోతే మిగతా వాళ్ళని వెతికేవాళ్ళు లేరు. లాపో ముసలామె ముందు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

ముయే అవ్వ ఆమె మొహం వైపు చూసింది. తరవాత కూతురి వీపు మీద వేలాడుతున్న చిన్న చెయ్యి వైపు చూసింది. పట్టుకున్న చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుంది, విసురుగా కాదు, నిద్రపోతున్న పిల్లల చేతుల్లోంచి కొంగు తీసుకున్నట్టు. గోడ పట్టుకుని లేచి నిలబడింది. గోడకి వాన టోపీ తగిలించి ఉంది, తీసుకోలేదు. కూతుర్ని దాటుకుని, నిచ్చెన దిగి, రేవు వైపు తిరక్కుండా, వానలో, ఆ సాయంత్రం దారాలు కట్టిన పై ఇళ్ళ దారి పట్టి వెళ్ళిపోయింది.